నూఫ్‌కు తెలుగొచ్చు

తలుపు తీసుకొని లోపలికి వచ్చిన ఆఫీసరమ్మాయిని చూసి మెహరున్నిసా మాట నోట్లోనే ఉండిపోయింది. పోయిన వారం మనం ఆమెను అక్కడే, ఆ ఉత్తుత్తి దుకాణం మధ్యలో, చేతులు గాల్లో ఉండగానే వదిలేసి వచ్చాం.

ఈ కథలోకి కొత్తగా అడుగుపెట్టినవారి కోసం కాస్త వెనక్కి వెళ్దాం. మెహరున్నిసాది రాయచోటి. చిన్న వయసులోనే భర్త పోతే, జుబైల్‌లో ఫవాజ్ అనే సౌదీ ఇంజనీరు ఇంట్లో పసిబిడ్డను చూసుకొనే పనికి వచ్చింది. ఆ బిడ్డ తల్లి విడాకులు తీసుకొని కువైట్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ బిడ్డే నూఫ్. మెహరున్నిసా ఆ పిల్లకు నడక నేర్పింది, జడలు వేసింది, జ్వరమొస్తే పక్కనే కూర్చుంది. నూఫ్ మిలిటరీ కాలేజీలో చేరి రియాద్ హాస్టల్‌కు వెళ్ళిన కొద్ది నెలలకే ఫవాజ్ ఆమెను పిలిచి ఇక ఇంట్లో పని లేదన్నాడు. ఆమె కఫాలాను, అంటే వీసా పూచీని, ఒక భోజనాల కంపెనీ పేరు మీదికి మార్పించేశాడు. ఆ కంపెనీ ఆమెను ఊరి పొలిమేరలోని పోలీసు శిక్షణ కేంద్రం వంటశాలలో పెట్టింది.

ఆ కేంద్రంలో ఇప్పుడు పరీక్షలు జరుగుతున్నాయి. మిలిటరీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నంత మాత్రాన పోలీసు ఆఫీసరు అయిపోరు. కవాతు, తుపాకి, క్రమశిక్షణ అన్నీ వచ్చినా, స్టేషన్‌కు ఏడుస్తూ వచ్చిన మనిషితో మాట్లాడడం వేరే విద్య. అది వచ్చని బోర్డు నమ్మితేనే సర్టిఫికెట్ ఇస్తారు. దానికోసం ఒక గదిని సూపర్ మార్కెట్‌లా అలంకరించి, అందులో ఒక తగాదా పెట్టి, అభ్యర్థిని లోపలికి పంపుతున్నారు. ఫిర్యాదు చేసే మనిషి అభ్యర్థికి రాని భాషలో మాట్లాడాలి. ఎవరున్నారని బోర్డువాళ్ళు అడిగితే వంటశాల సూపర్‌వైజర్ రాజ్‌కుమార్ వెంటనే మెహరున్నిసా పేరు ఇచ్చేశాడు.

"మీరు తెలుగులో మొదలెడితే ఆపేవాడు ఈ దేశంలో లేడక్కా," అన్నాడు నరసాపురం యాసలో. "అరబిక్ మాత్రం ఒక్క ముక్క కూడా రానట్టుండాలండి."

ఆమె వేషం సులువైనదే. సంచి పోయిందని గొడవ చెయ్యాలి. ఎదురుగా నిలబడ్డ గార్డు తీశాడని వేలు చూపించాలి. గార్డు వేషం వేసింది ఒక బంగ్లాదేశ్ డ్రైవరు. నిజానికి సంచి ఆమె ట్రాలీలోనే, కొన్న దుప్పటి కింద ఉంటుంది. కంగారులో మరచిపోయిన మనిషన్నమాట. పొద్దున వచ్చిన ఇద్దరు అభ్యర్థులూ ఆమె కేకలు నమ్మి గార్డు చొక్కా పట్టుకున్నారు. ఇద్దరూ తప్పారు.

మూడో అభ్యర్థిగా నూఫ్ వచ్చింది.

మెహరున్నిసా చూపు ముందు ఆ పిల్ల బూట్ల మీద, తర్వాత నలగని యూనిఫారం మీద, చివరికి ముఖం మీద ఆగింది. బుగ్గలు కాస్త లోపలికి పోయాయి. కనుబొమల మధ్య ఆ చిన్న మచ్చ అక్కడే ఉంది. నూఫ్ కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. అంతే, మళ్ళీ మామూలైపోయాయి. మూలన గోడ మీద కెమెరా ఉంది. పక్క గదిలో కల్నల్ ముత్లఖ్, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు కూర్చుని చూస్తున్నారు.

ఈ పిల్లెవరో తెలియనట్టే ఉండాల, లేకుంటే దానికి చెడుపు, అనుకుంది మెహరున్నిసా. గొంతు సవరించుకుంది.

"అస్సలాము అలైకుం. నేను లెఫ్టినెంట్ నూఫ్. ఏం జరిగింది?" అంది నూఫ్ అరబిక్‌లో. గొంతు ఎంత బరువుగా మారిందో.

"నా సంచి పాయ," అని అందుకుంది మెహరున్నిసా. "ఈడ పెట్టినా, ఇట్ల తిరిగి చూసేలోపల లేదు. ఈయప్పే తీసినాడు. ఎట్ల నిలబడినాడో చూడు, ఏమీ తెలీనోని మాదిరి."

డ్రైవరు పాత్రకు తగ్గట్టు బిక్కమొహం వేశాడు. నూఫ్ అతని వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది.

పొద్దున ఆ ఇద్దరూ అటువైపే నడిచారు. అటు పోయారు, చొక్కా పట్టుకున్నారు, తప్పారు. ఈ పిల్ల ఎన్నాళ్ళ కష్టం ఇంకో మూడడుగుల్లో గంగలో కలిసిపోతుందని ఆమెకు అనిపించింది. మిగిలింది ఆలోచించలేదు. అదే ఏడుపు రాగంలో, అదే గొంతుతో, చేతులు తిప్పుకుంటూనే అనేసింది.

"ఆయప్పను పట్టుకోవాకు నూఫూ. సంచి ఈ ట్రాలీలోనే దుప్పటి కింద ఉండాది. ఈడ చూడు బిడ్డా."

నూఫ్ ఆగిపోయింది.

ఆమె మెడ దగ్గర నుంచి చెవుల దాకా ఎర్రబడడం మెహరున్నిసాకు స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు ట్రాలీ వైపు తిరుగుతుంది, దుప్పటి ఎత్తుతుంది, సంచి తీస్తుంది, అయిపోతుంది అనుకుంది. నూఫ్ ట్రాలీ వైపు తిరగలేదు. గోడ మీది కెమెరా వైపు తిరిగి నిటారుగా నిలబడి సెల్యూట్ చేసింది.

"సార్, పరీక్ష ఆపమని కోరుతున్నాను. ఈమె నాకు తెలుసు. ఈమె భాష నాకు వచ్చు. సంచి ఎక్కడుందో ఇప్పుడే నాకు చెప్పింది."

పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. డ్రైవరుకు ఏమైందో అర్థం కాక, బిక్కమొహం మానాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడ్డాడు. కల్నల్ ముత్లఖ్ లోపలికి వచ్చాడు. నెరిసిన మీసం, వెడల్పాటి మనిషి. మాట్లాడకుండా ట్రాలీ దగ్గరికి వెళ్ళి దుప్పటి ఎత్తి చూశాడు. ఎర్ర సంచి అక్కడే ఉంది.

"ఇది ఏ భాష?"

"తెలుగు, సార్."

"నీకెలా వచ్చింది?"

"నాకు మొదట వచ్చిన భాష ఇదే సార్. ఈమే నన్ను పెంచింది. అన్నం తిననంటే ఈ భాషలోనే తిట్టేది."

కల్నల్ దుప్పటిని మళ్ళీ సంచి మీద కప్పాడు. "నీ ఫైలులో ఆ భాష సంగతి లేదు. నువ్వు నోరు మూసుకొని ఉంటే ఈ గదిలో ఎవరికీ తెలిసేది కాదు. రికార్డింగ్ పదిసార్లు చూసినా మాకు అర్థమయ్యేది కాదు. గార్డును వదిలి ట్రాలీ వెతికినందుకు నీకు మంచి మార్కులు కూడా వేసేవాళ్ళం."

"ఆ మార్కులు నావి కావు సార్. మేరమ్మవి," అంది నూఫ్.

మేరమ్మ. పసితనంలో మెహరున్నిసా అనడం రాక ఆ పిల్ల పెట్టుకున్న పేరు. అది వినగానే మెహరున్నిసాకు ఇక అరబిక్ రానట్టుండడం చేతకాలేదు.

"పిల్ల తప్పు ఏమీ లేదు," అంది కల్నల్‌తో, గడగడా ఆయన భాషలోనే. "పాపమంతా నా నోటిది. దాన్ని ఏమీ అనొద్దు."

కల్నల్ తల తిప్పి చూశాడు. "నీకు అరబిక్ రాదని చెప్పారే."

"రానట్టు ఉండమన్నారు. ఉన్నాను. ఇంకో పరీక్ష పెట్టండి సార్ దానికి. ఎన్నయినా పెట్టండి. నన్ను మాత్రం ఆ గదిలో పెట్టొద్దు. పెడితే మళ్ళీ చెప్తాను."

కల్నల్ మీసం కింద ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు, అది దాచుకునే ప్రయత్నం. ఆయన పక్క గదిలోకి వెళ్ళి మిగిలిన ఇద్దరితో ఏదో మాట్లాడి వచ్చాడు.

"మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఇంకో గది, ఇంకో పరీక్ష. ఈమె వంటశాల గడప దాటకూడదు."

"సార్, ఆమెతో ఒక్క మాట మాట్లాడవచ్చా?" అంది నూఫ్.

"పరీక్ష అయ్యాక."

అలా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండానే విడిపోయారు. తలుపు దాటేటప్పుడు నూఫ్ వెనక్కి తిరిగి చూసింది. మెహరున్నిసా కొంగుతో ముఖం తుడుచుకుంటూ, పో పో అన్నట్టు చెయ్యి ఊపింది.

వంటశాలలో ఆ మధ్యాహ్నం కబ్సా అనే మాంసం పులావు వండుతున్నారు. పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. మెహరున్నిసా గరిట పట్టుకొని దాని ముందు నిలబడింది గాని ఆమె చెవులన్నీ కారిడార్ వైపే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు రాజ్‌కుమార్ నెమ్మదిగా. "మీరు వేస్తున్నది ఉప్పు కాదండి. పంచదార."

ఆమె చేతిలోని డబ్బా చూసుకుంది. "ఎంత పడింది?"

"పర్లేదులెండి. ఆఫీసర్లు ఇవాళ తియ్యగా తింటారు." అతను డబ్బా తీసుకొని పక్కన పెట్టాడు. "అంత కంగారెందుకండి. తలుపు సందులోంచి ఆ అమ్మాయిని చూశాను నేను. కల్నల్‌గారంటే మావాళ్ళంతా వణికిపోతారు. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడింది."

"దానికి భయం నేర్పలేదు నాయనా. అదే నా భయం."

రాజ్‌కుమార్ టీ పట్టుకెళ్ళే నెపంతో రెండుసార్లు కారిడార్‌లోకి వెళ్ళి వచ్చాడు. మొదటిసారి, తలుపు మూసి ఉందన్నాడు. రెండోసారి, లోపలి నుంచి ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తోందన్నాడు. మెహరున్నిసా కూర్చున్న స్టూలు మీద నుంచి లేచింది, గడప దాటకూడదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. ఆ తర్వాత అన్నం దించడం, వడ్డించడం, గిన్నెలు కడగడం అన్నీ జరిగాయి గాని ఏది ఎలా చేసిందో ఆమెను అడిగితే చెప్పలేకపోయేది.

వంటశాల వెనక తలుపు తెరుచుకుంది. టోపీ చేత్తో పట్టుకొని నూఫ్ నిలబడి ఉంది. ముఖంలో ఏ భావమూ లేదు. మెహరున్నిసా చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"మేరమ్మా," అంది నూఫ్ తెలుగులో. "బాస్ అయినా."

రాజ్‌కుమార్ అయోమయంగా చూశాడు. "బాస్ అయ్యారా? ఎవరికండి?"

"పాస్, నాయనా, పాస్," అంది మెహరున్నిసా. "దానికి చిన్నప్పటి నుంచి 'ప' రాదు. పప్పును బబ్బు అంటాది."

అప్పుడు నూఫ్ నవ్వింది. ఆ నవ్వుతో యూనిఫారం, చుక్కలు, బూట్లు అన్నీ ఎక్కడికో పోయి, మోకాళ్ళు గీసుకుపోయిన పిల్ల మళ్ళీ ఎదురుగా వచ్చింది. పరుగున వచ్చి మెహరున్నిసా భుజంలో తల పెట్టింది. ఉల్లిపాయ చేతులని మెహరున్నిసా కాసేపు వాటిని గాల్లోనే ఉంచి, తర్వాత ఆ సంగతి మరచిపోయి గట్టిగా పట్టుకుంది. రాజ్‌కుమార్ అటు తిరిగి స్టవ్ తుడవసాగాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఏం పరీక్ష పెట్టినారు?" అని అడిగింది మెహరున్నిసా కొంతసేపటికి, ఆ పిల్లకు పళ్ళెంలో అన్నం పెడుతూ.

"ఒగ ఫిలిబ్బీన్స్ ఆమె. ఏడుస్తా ఉండాది, ఏం అడిగినా బలకదు. నేను ఏమీ అడగలే. నీళ్ళు ఇచ్చినా. కిందనే కూర్చున్నా ఆమె బక్కన. నువ్వు నా బక్కన కూర్చుంటా ఉంటివే, అట్ల. ఆమె ఏడ్చి ఏడ్చి ఆగినాక దుబాసీని బిలిబించినా." నూఫ్ ముద్ద నోట్లో పెట్టుకొని ఆగింది. "మేరమ్మా, అన్నం తీబిగా ఉండాది."

"తిను. మాట్లాడకుండా తిను."

నూఫ్ సగం పళ్ళెం ఖాళీ చేసింది. తర్వాత వేళ్ళు ఆపి, కళ్ళెత్తకుండా అడిగింది. "నాకు ఒగ మాట కూడా చెబ్బకుండా ఊరికి ఎందుకు బోతివి?"

"నేనా? నేను యాడికీ పోలేదే."

"నువ్వే బోతానని అడిగినావంట. రాయచోటికి బోయి, ఇంక రానంటివంట. మా నాయన చెబ్బినాడు. నీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా కలవలే."

మెహరున్నిసా వాడిన సిమ్ ఫవాజ్ పేరు మీద ఉండేది. ఫవాజ్ దాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాడు. మెహరున్నిసా స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చుంది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది గాని, పొద్దున ఆ పిల్ల కెమెరా వైపు తిరిగి చేసిన సెల్యూట్ చూశాక ఇక దాచడానికి నోరు రాలేదు.

"నాతోనేమో, నువ్వే వద్దన్నావని చెప్పినాడు. పెద్దదానివైనావు, ఆఫీసరు కావాల, ఇంట్లో ఆయా ఉంటే నామోషీ అని నువ్వే అన్నావంట."

నూఫ్ ఆ మాట విని ఏడవలేదు, కోప్పడలేదు. పళ్ళెం పక్కకు జరిపి మెహరున్నిసా రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఇద్దరి మీదా ఉన్న బరువు ఒక అబద్ధమని తెలిసిపోయింది. అది ఎందుకు పుట్టిందో తెలియకపోయినా, అబద్ధమని తెలియడమే ఆ క్షణంలో ఇద్దరికీ పండగలా ఉంది.

"సాయంత్రం సర్టిఫికెట్లు ఇస్తారు," అంది నూఫ్. "మా ఇంట్లోవాళ్ళు ఒగరు వచ్చి బ్యాడ్జి బెట్టాల. నువ్వు రా."

"మీ నాయన వస్తాడు గదా."

"రానీ. బెట్టేది నువ్వే."

సాయంత్రం అసర్ నమాజు తర్వాత హాలు నిండిపోయింది. ముందు వరసల్లో అభ్యర్థుల కుటుంబాలు, బుట్టల్లో పూలు, చాక్లెట్ డబ్బాలు, అరబ్బు కాఫీ ఖహ్వా వాసన. మెహరున్నిసా నల్ల అబాయా ఇస్త్రీ చేసి వేసుకుంది. చివరి వరసలో, తలుపు దగ్గర కుర్చీ చూసుకొని కూర్చుంది. రాజ్‌కుమార్ ట్రే పట్టుకొని ఖహ్వా పోస్తున్నట్టు నటిస్తూ అక్కడే తిరుగుతున్నాడు.

కల్నల్ ముత్లఖ్ ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. నూఫ్ వంతు రాగానే ఆయన ఆగి హాలంతా ఒకసారి చూశాడు.

"మీకందరికీ కాలేజీలో శత్రువు ఎటునుంచి వస్తాడో నేర్పారు. స్టేషన్‌కు వచ్చే మనిషి అలా రాడు. ఎవరిది నిజమో మీరే చూసుకోవాలి. ఈరోజు ఒకరు, దాచుకుంటే తనకే లాభమయ్యే నిజాన్ని దాచుకోలేదు. లెఫ్టినెంట్ నూఫ్, కుటుంబం తరఫున ఎవరు వస్తున్నారు?"

"మెహరున్నిసా," అంది నూఫ్ అందరికీ వినబడేలా.

మెహరున్నిసా లేచి నడవసాగింది. ఆ పిల్లకు నడక నేర్పిన రోజుల్లో తాను నిలబడ్డట్టే, ఇప్పుడు నూఫ్ చేతులు చాచి నిలబడి ఉంది. సగం దారిలో ఉండగా పక్క తలుపు తెరుచుకొని ఫవాజ్ వచ్చాడు. రాస్ తనూరా రిఫైనరీలో డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చేతిలో తెల్లపూల బుట్ట ఉంది. జుట్టు బాగా నెరిసింది. ఆమెను చూసి అలాగే నిలబడిపోయాడు.

ఏమంటాడోనని మెహరున్నిసా ఆగింది. నూఫ్ కూడా తండ్రి వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న మాత్రమే ఉంది.

ఫవాజ్ బుట్ట ఒక కుర్చీలో పెట్టాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, పళ్ళెంలోని బ్యాడ్జి తీసుకొని, తెచ్చి మెహరున్నిసా అరచేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టు, మెహర్. అది నీ హక్కు."

పిన్ను రెండుసార్లు జారింది. మూడోసారి పడింది. వెనక వరసల్లోని ఆడవాళ్ళు నాలుకలు తిప్పుతూ సంబరపు కూతలు పెట్టారు. రాజ్‌కుమార్ ట్రే పక్కన పడేసి చప్పట్లు కొట్టాడు. కల్నల్ అటు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నూఫ్ ముందు కల్నల్‌కు సెల్యూట్ చేసింది. తర్వాత మెహరున్నిసా వైపు తిరిగి, అంతే నిటారుగా, ఆమెకూ చేసింది.

ఫోటోలు తీయడం అయ్యాక ముగ్గురూ కిటికీ పక్కకు వచ్చారు. ఫవాజే మొదలుపెట్టాడు.

"నేను ఇద్దరికీ అబద్ధం చెప్పాను."

"తెలిసింది బాబా. ఎందుకు?"

"నువ్వు రియాద్ వెళ్ళిన ఏడు, మీ అమ్మ అబీర్ ఫోన్ చేసింది. నిన్ను చూడాలని ఉందంది. కానీ ఆ ఇంట్లో తల్లి చోటు నిండిపోయి ఉంది, నేనెక్కడ నిలబడను అని అడిగింది. మెహర్ లేకపోతే ఆమె వస్తుందనుకున్నాను." ఆయన మెహరున్నిసా ముఖంలోకి చూడలేకపోయాడు. "అబీర్ రాలేదు. ధైర్యం చాలలేదంది. మెహర్, నిన్ను మాత్రం పోగొట్టుకున్నాం."

నూఫ్ చెయ్యి బ్యాడ్జి మీదికి వెళ్ళింది. "మరి ఇవాళ ఎందుకు చెబుతున్నారు?"

ఫవాజ్ కిటికీ బయటికి చూపించాడు. ఎండ తగ్గిన పార్కింగ్‌లో, ఖర్జూర చెట్ల వరస పక్కన, కువైట్ నంబరు ప్లేటున్న తెల్ల కారు ఆగి ఉంది.

"ఇవాళ వచ్చింది. లోపలికి రావచ్చా అని అడగమంది." ఆయన గొంతు తగ్గించాడు. "నిన్ను కాదు నూఫ్. మెహర్‌ను అడగమంది."

తండ్రీ కూతుళ్ళిద్దరూ మెహరున్నిసా వైపు తిరిగారు. ఆమె చెయ్యి ఇంకా నూఫ్ భుజం మీదే ఉంది. ఆమె ఆ చెయ్యి తీసి, తల మీది గుడ్డ సర్దుకొని, కిటికీకి ఇంకా దగ్గరగా వెళ్ళింది. కారు వెనక తలుపు అప్పటికే సగం తెరుచుకొని ఉంది. లోపలి మనిషి ముఖం కనబడలేదు. ఒక్క పాదం మాత్రం బయట నేల మీద ఆని ఉంది.